పేర్లు లేని ఫోటోలు

తమిళ మీడియంలో చదివినవాణ్ణి, రాతలో తప్పులుంటే మన్నించండి.

సర్వీసులో ఉండగా తక్కువ ధరకు ఒక డిజిటల్ కెమెరా కొన్నాను. రెండు పెన్సిల్ సెల్స్ వేయాలి. హొగెనకల్ ఫాల్స్ దగ్గర అమ్మను నిలబెట్టి నాలుగు ఫోటోలు తీసేసరికి ఆగిపోయింది. అవే సెల్స్ ఇంటికొచ్చి గోడ గడియారంలో వేస్తే నెలల తరబడి నడిచాయి! కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, మామూలు సెల్ వోల్టేజి అప్పుడు పడిపోతుందట. 1.2 వోల్టుల ఛార్జింగ్ సెల్స్ వేశాకే బాగా పనిచేసింది.

కెమెరాతో ఇచ్చిన సీడీలోని సాఫ్ట్‌వేర్‌లో, అమ్మ చెబుతుంటే ప్రతి ఫోటో కింద పేర్లు టైపు చేశాను. తర్వాత కంప్యూటర్ పాడైంది. ఫోటోలు వేరే సీడీలో కాపీ ఉన్నాయి గనుక మిగిలాయి. పేర్లు మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌తోనే పోయాయి.

పార్సిల్ ఆఫీసులో మేము రిజిస్టరులో రాసి ఊరుకోము, పెట్టెమీదా లేబుల్ అంటిస్తాం. ఇంట్లో నేను ఆ పని చేయలేదు.

ఇప్పుడు అమ్మ లేదు. పెద్దమ్మ ఇంటి గృహప్రవేశం ఫోటోలో పదకొండు మంది ఎవరో నాకు తెలియదు. మీరు ఫైలు పేరులోనే మనిషి పేరు పెట్టండి, ప్రింటు వెనకా రాయండి. ఆ ఫోటో ఇక్కడ పెడుతున్నాను. పెద్దలు ఒక్కరినైనా గుర్తుపడితే చెప్పండి.