వాగు పట్టుకుంటే వంశం దొరుకుతుంది

పని నేర్చుకుంటానన్నావు కాబట్టి ముందే చెప్తున్నా, పేరుతో మొదలుపెట్టకు. కెంటకీ తూర్పు కొండల్లో ఈ లెచర్ కౌంటీ పాత కుటుంబాలు ఓ గుప్పెడు: కాడిల్, ఆడమ్స్, వెబ్, క్రాఫ్ట్, కాలిన్స్. ప్రతి ఇంట్లోనూ ఓ జాన్, ఓ విలియం. తాత పేరు మనవడికి పెట్టడం మన దగ్గరే ఉందనుకునేదాన్ని, ఇక్కడికొచ్చేదాకా. పైగా ఒకే మనిషిని ఒక గుమాస్తా కాడిల్ అని రాస్తే ఇంకొకాయన కార్డెల్ అని రాశాడు. చెవికి ఎలా వినబడితే అలా.

మా ఆయన ఇక్కడి ఆసుపత్రికి డాక్టరుగా వచ్చారు. నేను వైట్స్‌బర్గ్ కోర్టు రికార్డు గదిలో తేలాను. భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో లింకు డాక్యుమెంట్లు వెనక్కి తవ్వుకుంటూ పోవడం, మన ఈసీ తీయించడం లాంటిదే. నేర్పింది ఒక రిటైరైన గుమాస్తా, పెద్దావిడ. మొదటి రోజు అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీవాళ్ళది ఏ వాగు?" నాది గోదావరి పంట కాలువ అన్నాను. నవ్వి, కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

ఆ ప్రశ్నలోనే కిటుకంతా ఉంది. పాత పన్ను జాబితాల్లో మనిషి పేరు పక్కన ఎకరాలు, ఆ నేల ఏ వాగు మీద ఉందో రాసేవారు. ముగ్గురు జాన్‌లుంటే ముగ్గురిని వాగే విడదీస్తుంది. ఇరవై ఒకటి నిండిన కుర్రాడు జాబితాలోకి కొత్తగా ఎక్కుతాడు, అదే వాగు మీద. తండ్రి ఎవరై ఉంటాడో అక్కడే ఊహకందుతుంది. అంతమాత్రాన రాసేసుకోకు. ఒహాయో నుంచి ఒకాయన వచ్చి వాగు చూడకుండా పేరు కుదిరిందని ముత్తాతను ఖాయం చేసుకుని వంశవృక్షం అచ్చు వేయించాడు. ఆ ముత్తాత పిల్లలు లేకుండా పోయినవాడని వీలునామాలో తర్వాత బయటపడింది. పుస్తకాలు అప్పటికే బంధువులందరికీ పంచేశాడు.

ఇక కౌంటీలు. ఇవి కదులుతూ ఉంటాయి, మనుషులే కదలరు. లెచర్ పుట్టింది 1842లో, పెర్రీ, హార్లన్ కౌంటీల నుంచి కోసి. పెర్రీ అంతకు ఇరవై ఏళ్ళకు పైగా ముందే ఫ్లాయిడ్, క్లే నుంచి. 1884లో లెచర్‌లోనూ కొంత కోసి నాట్ కౌంటీ చేశారు. ఒకే గుడిసెలో పుట్టి, పెళ్ళాడి, ముసలివాడై పోయినవాడి కాగితాలు నాలుగు కోర్టుల్లో దొరకొచ్చు. అన్నీ దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకు. ఫ్లాయిడ్ కోర్టు 1808లో తగలబడింది. జనాభా లెక్కల్లో ఇంటిల్లిపాది పేర్లు 1850 నుంచే ఉన్నాయి, వరసలు 1880 నుంచి. 1890వి 1921 నాటి వాషింగ్టన్ అగ్నిప్రమాదం తర్వాత దాదాపు ఏవీ మిగల్లేదు. జనన మరణాలు 1852 నుంచి పదేళ్ళు నమోదు చేసి, అంతర్యుద్ధంలో వదిలేసి, 1911లో గానీ మళ్ళీ సరిగ్గా పట్టుకోలేదు.

ఆడవాళ్ళను వెతకడమే అసలు పని. నా మొదటి గెలుపు అక్కడే. ఒక ముసలావిడకు ముత్తవ్వ పుట్టింటి పేరు కావాలి. అప్పటికి చాలామంది చేతులెత్తేశారు. నేను మొగుడు కొన్న దస్తావేజులు పక్కనపెట్టి, ఆ వాగు మీద ఎవరైనా చనిపోయాక వారసులంతా కలిసి అమ్మిన దస్తావేజుల కోసం వెతికాను. దొరికింది: అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, వరసగా నిశానీలు. మూడో గీత ఆమెది. భర్త భూమి అమ్మితే భార్యను పక్కకు పిలిచి, ఇష్టపూర్వకంగానే హక్కు వదులుకుంటున్నావా అని గుమాస్తా అడిగి రాసుకునేవాడు. అలాంటి పేరాను ఎప్పుడూ దాటేయకు.

చెక్కుబందీ చదవడం వారంలో వస్తుంది. ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు. హద్దు రాళ్ళు తక్కువ, చెట్లే ఎక్కువ: తెల్ల ఓక్, చెస్ట్‌నట్. చెస్ట్‌నట్‌లన్నీ తెగులొచ్చి 1940ల నాటికి ఎండిపోయాయి కాబట్టి, కాగితంలో మూల ఉంటుంది, కొండ మీద ఉండదు. అప్పుడు పొరుగువాడి దస్తావేజు తీసి అతని హద్దులోంచి నీ మూల కట్టుకోవాలి.

నిశానీల్లో కొన్ని చదువుతుంటే కడుపు మండుతుంది. బొగ్గు కోసం జాన్ సి. సి. మేయో లాంటివాళ్ళు కొండలెక్కి తీసుకున్న బ్రాడ్ ఫాం దస్తావేజులవి. పైన నేల రైతుది, కింద ఖనిజం కొన్నవాడిది. దాన్ని తీయడానికి ఏం చేసినా సరే అన్నట్టు రాత. ఎకరానికి కొద్ది డాలర్లో, అంతకన్నా తక్కువో ఇచ్చారు. తర్వాత గని యంత్రాలొచ్చి ఆ కాగితం చూపించే కొండలు కోశాయి. 1988లో కెంటకీ ఓటర్లు రాజ్యాంగ సవరణతో దానికి అడ్డుకట్ట వేశారు. మా పెద్దావిడ ఆ దస్తావేజులు తీసేటప్పుడు మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని, ఇంకొకరి చేత చదివించుకునేది.

2022 జులై వరదలో ఇక్కడి అపాల్‌షాప్ అనే కళల సంస్థ భాండాగారం మునిగి ఎన్నో ఫిల్ములు, టేపులు తడిసిపోయాయి. అందుకే కనబడ్డ కాగితం ఏదైనా ముందు ఫోటో తీయి. తర్వాత చదువుకోవచ్చు.

శ్మశానాలు కొండకొనల మీద, సాధారణంగా తూర్పు ముఖం. చాలా సమాధుల మీద పేరు లేని పలక రాయే. ఆకులు రాలాకే వెళ్ళు, మార్చి దాటనివ్వకు. పాములు లేస్తాయి, పాయిజన్ ఐవీ చిగురిస్తుంది. పొడుగు బూట్లు వేసుకో, మెత్తటి కుంచె తీసుకెళ్ళు. రాతికి సుద్ద, షేవింగ్ క్రీం పూయకు. దారిలో ఇల్లు కనబడితే ఆగి, మీది ఏ వాగు అని అడుగు. సాయంత్రానికి గానీ వదలరు.