గుజరాతీ గల్లీలో బాతుల వేట!

సుల్తాన్ బజార్ మెట్రో స్టేషనులో దిగి కోఠీ రద్దీలో పడ్డానంటే నాకు కొత్త సినిమాకి మొదటి ఆట టికెట్టు దొరికినంత హుషారు. ఆ రోజు మాత్రం హుషారు లేదు. చంకలో గుడ్డ సంచీ, అందులో పాతికేళ్ల నాటి వీడియో గేము, గుండెల్లో కాస్త దడ! వెళ్లేది గుజరాతీ గల్లీకి.

సినిమా పత్రికలో ఈ గల్లీ గొడవేమిటి అంటారా? సంబంధం ఉంది, కాస్త ఓపిక పట్టండి.

మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వస్తున్నానని ఫోన్ చేసి, "ఒరేయ్, మన గేము ఉందా? తుపాకీ ఉందా? బాతుల్ని కొట్టి చూపిస్తానని మావాడికి మాటిచ్చాన్రా" అన్నాడు. 2021లో నాన్నగారు పోయినప్పుడు విమానాలు దొరక్క రాలేకపోయాడు. ఆ తర్వాత ఇదే రావడం. ఉందన్నాను. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు... నాన్నగారు వాయిదాల మీద కొన్న డబ్బా టీవీని, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్లవాడికి నాలుగు వందలకి అమ్మేసింది నేనే!

ఇదీ మన కథలో చిక్కుముడి.

గల్లీ లోపల

ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్లకి గుజరాతీ గల్లీ తెలియకుండా ఉండదు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాలి. అటూ ఇటూ చిన్న చిన్న షాపులు. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, వైర్ల చుట్టలు, పప్పు దినుసుల్లా డబ్బాల్లో పోసిపెట్టిన రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఎక్కడో ఒకడు మైకు పరీక్షిస్తూ "హలో... హలో... చెక్" అంటుంటాడు. గాలిలో టంకం పొగ వాసన. నాకైతే ఆ వాసన వస్తే చిన్నప్పటి టీవీ రిపేరు షాపే గుర్తొస్తుంది.

ఓ మేడ మెట్ల కింద కూర్చున్న పెద్దాయన ముందు సంచీ విప్పాను. కళ్లద్దాలు సర్దుకుని, "అరె, గిది ఇంకా ఉన్నదా తమ్మీ!" అన్నాడు. పాత హీరోయిన్ రోడ్డు మీద కనబడితే ఎలా చూస్తామో అలా చూశాడు దానికేసి.

అది జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో 'ఫామికామ్'కి నకలు. మన ఊళ్లలో వేసవి సెలవుల్లో గంటకింత అని అద్దెకి దొరికినవి చాలావరకు ఆ నకళ్లే. అసలు యంత్రంలో పనికొచ్చే జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు! 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ చాలాసార్లు అంతకంటే బరువుంటుంది. అంత తక్కువ చోటులో ఎలా ఇరికించారంటారా? ఆ ఆటలో ఆకాశంలో మబ్బూ, నేల మీద పొదా ఒకటే బొమ్మ. రంగే వేరు. జూనియర్ ఆర్టిస్టుకి తలపాగా మార్చి రెండు సీన్లలో నిలబెట్టినట్టన్నమాట!

పెద్దాయన కాసెట్టు చేతిలోకి తీసుకుని, "ఉఫ్ ఉఫ్ అని ఊదుతుండెనా?" అన్నాడు. ఊదామన్నాను. ఊదని వాడెవడు! "అదే తప్పు. నోటి తడికి లోపలి కాళ్లు తుప్పు పడ్తయ్. మల్ల తీసి పెడితే ఎట్లైనా ఆడుతది. మీరేమో ఊదినందుకే ఆడిందనుకుంటరు." పాతికేళ్ల నమ్మకం ఒక్క మాటతో పోయింది. స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాడు. ఉబ్బిన కెపాసిటర్ ఒకటి పీకి కొత్తది వేశాడు.

అంతరిక్షం కబుర్లు

ఆయన పని చేస్తుంటే కబుర్లలో పడ్డాం. ఎనభైల్లో దూరదర్శన్‌లో 'స్టార్ ట్రెక్' వచ్చేటప్పుడు ఈయన కుర్రాడు. 1998లో మిలింద్ సోమన్ 'కెప్టెన్ వ్యోమ్' వచ్చినప్పుడు నేను కుర్రాణ్ణి. 'స్టార్ ట్రెక్'లో మనుషులు ఇక్కడ మాయమై గ్రహం మీద తేలతారు చూడండి, ఆ ఊహ ఎందుకు పుట్టిందో తెలుసా? వారం వారం ఓడ గ్రహం మీద దిగినట్టు చూపించడానికి డబ్బు చాలక! మన సింగీతం శ్రీనివాసరావు గారు కూడా 1991లో, ఇవాళ్టి గ్రాఫిక్సు లేని రోజుల్లోనే, 'ఆదిత్య 369'లో మనల్ని కృష్ణదేవరాయల కాలానికీ 2504కీ తిప్పుకొచ్చారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదలైతే నేనూ వెళ్లాను. కాలయంత్రం కనబడగానే హాల్లో ఈలలే ఈలలు!

ఇంతలో పెద్దాయన గేము పెట్టి చూశాడు. మారియో గెంతాడు. నేనూ దాదాపు గెంతాను. తుపాకీ చేతికిచ్చి, మా ఇంట్లో పెద్ద ఎల్.ఇ.డి. టీవీ ఉందన్నాను.

"దాని మీద నడ్వది తమ్మీ."

అసలు రహస్యం అప్పుడు చెప్పాడు. 'డక్ హంట్' తుపాకీ ఏమీ పేల్చదు. చూస్తుంది! గొట్టంలో వెలుతురు పసిగట్టే కన్ను ఉంటుంది. మీట నొక్కగానే టీవీ తెర రెప్పపాటు నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్న చోట తెల్ల చతురస్రం మెరుస్తుంది. కన్నుకి ముందు చీకటి, తర్వాత వెలుతురు కనబడితే బాతు పడినట్టు. బల్బు వైపు గురిపెట్టి మోసం చేద్దామంటే కుదరదు, ముందు చీకటి కనబడదు కదా! డబ్బా టీవీ బొమ్మని అందిన క్షణంలోనే గీస్తుంది. కొత్త టీవీ దాన్ని సాపు చేసి, పెద్దది చేసి చూపేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ఆ కాస్తలోనే తుపాకీ కన్ను మూసుకుంటుంది.

"గన్ మంచిగనే ఉన్నది. దాని జోడీ పోయింది," అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ జోడీని నాలుగు వందలకి అమ్మిన ఘనుణ్ణి నేనే అని ఆయనకేం తెలుసు! రిపేరుకి రెండు వందల యాభై ఇచ్చి లేవబోతుంటే, వెనక అట్టపెట్టెల మధ్య ఓ పద్నాలుగు అంగుళాల డబ్బా టీవీ చూపించాడు. పరీక్షలకోసం ఉంచుకున్నాడట. అమ్మమంటే తల అడ్డంగా ఊపాడు. "మీ అన్నను, పోరగాన్ని తోల్కరా. ఈడనే ఆడుకోన్రి."

క్లైమాక్సు

అన్నయ్య వచ్చిన మూడోరోజు, మెట్రోలోనే టీవీ సంగతి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. కిటికీలోంచి చూస్తూ కాసేపు ఊరుకుని, "ఆ టీవీ మీద నాన్న చెయ్యి వేసి కొట్టేవారు కదరా, బొమ్మ కదిలినప్పుడల్లా," అన్నాడు. అంతే. ఐదేళ్లలో ఇద్దరం నాన్నగారి గురించి మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఫోన్లో మాట్లాడినవన్నీ కరెంటు బిల్లులు, ఆస్తి కాగితాలు.

మెట్ల కింద ముగ్గురం స్టూళ్ల మీద ఇరుక్కున్నాం. అన్నయ్య కొడుకు మొదట పెదవి విరిచాడు. ఐదో బాతు పడేసరికి "బాబాయ్, ఇంకొక్కసారి!" అంటున్నాడు. గురి తప్పినప్పుడల్లా తెర మీద కుక్క నవ్వుతుంటే, కుర్రాడికి ఉక్రోషం, మాకు నవ్వు. పెద్దాయన టీ చెప్పాడు. అప్పుడు బొమ్మ కాస్త కదిలింది. అన్నయ్య లేచి టీవీ పక్కన ఒక్కటిచ్చాడు, అచ్చం నాన్నగారిలాగే. సర్దుకుంది!

పాఠకులారా, మీ అటక మీద డబ్బా టీవీ ఉంటే దాన్ని అమ్మేముందు ఇంట్లో వాళ్లందరినీ ఓ మాట అడగండి. నాలుగు వందలకి ఆశపడకండి. అనుభవంతో చెబుతున్నాను!