నేలను బట్టి నడక

అభన్‌పూర్‌కు నేను వెళ్లింది ఆటకు కాదు, వార్త కోసం. రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి కోసం ఇక్కడ భూములు సేకరించారు. ఆ పరిహారం చెల్లింపులో అక్రమాలు జరిగాయంటూ 2025లో ఛత్తీస్‌గఢ్ ఆర్థిక నేరాల విభాగం సోదాలు చేసింది, అరెస్టులూ చేసింది. ఒకే కమతాన్ని కాగితాల మీద చిన్న ముక్కలు చేసి చూపితే పరిహారం పెరుగుతుంది కాబట్టి అలాగే చూపారన్నది ఆరోపణ. అందులో పదే పదే వినిపించిన పేరు అభన్‌పూర్. రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేసినవాడికి ఇంతకు మించిన పాఠం దొరకదు. అందుకే 2025 వరికోతలు ముగిశాక రాయ్‌పూర్ నుంచి దక్షిణంగా బయల్దేరాను. సంచిలో నోటుపుస్తకం, ల్యాప్‌టాప్‌తో పాటు ఒక బగ్గీ కూడా ఉంది.

బగ్గీ అంటే రిమోట్‌తో నడిచే బండి. అసలు బండిలో పదో వంతు ఉంటుంది. పొడవు మూరకు కాస్త తక్కువ, బరువు కిలోన్నర. బ్యాటరీ, మోటారు, నూనె పోసిన నాలుగు షాక్ అబ్జార్బర్లు, ముళ్ల టైర్లు. బొమ్మల దుకాణంలో దొరికే వాటికీ దీనికీ తేడా ఒక్కటే. ఇందులో ప్రతి కీలునూ విప్పవచ్చు, సవరించవచ్చు, అలా గంటల తరబడి పెళ్లాంతో తిట్లు తినవచ్చు.

నాది వెనక చక్రాల బండి. మోటారు బలమంతా ఆ రెండింటికే పోతుంది, ముందు చక్రాలు దారి చూపుతాయంతే. నాలుగు చక్రాలకూ బలం అందే బగ్గీ మన తొందరను కొంత భరిస్తుంది. ఇది భరించదు. యాక్సిలరేటర్ నొక్కగానే బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే పోతుంది. మలుపులో భయపడి చటుక్కున యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకొచ్చి వెనక భాగం గిర్రున తిరుగుతుంది. ఈ రెండింటి మధ్య సన్నటి సందు ఒకటి ఉంటుంది. ట్యూనింగ్ అనేదంతా ఆ సందును కాస్త వెడల్పు చేసే ప్రయత్నమే. ఆ వెడల్పు ఎంతన్నది నిర్ణయించేది మోటారు కన్నా నేల.

అమెరికాలో 1984లో టీమ్ అసోసియేటెడ్ సంస్థ తెచ్చిన ఆర్‌సీ10తో ఈ బండ్లు బొమ్మల వరుస నుంచి పందేల వరుసలోకి వచ్చాయి. కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో 1985లో జరిగిన తొలి ప్రపంచ పోటీలో వెనక చక్రాల విభాగంలో గెలిచింది అదే. అప్పట్లో ట్రాకులంటే దుమ్ము, వదులు మట్టి. చక్రాలకు పట్టు దొరకాలంటే వాటి మీద బరువు ఉండాలి. అందుకే మోటారును వెనక ఇరుసుకు కూడా వెనకాల వేలాడదీశారు. తర్వాతి కాలంలో యూరప్‌లో ట్రాకులు ఇళ్లలోకి, తివాచీల మీదికి, కృత్రిమ గడ్డి మీదికి చేరాయి. పట్టు పుష్కలంగా ఉన్నచోట వెనక బరువు భారమైంది. మోటారు ఇరుసుకు ముందుకు, బండి మధ్యలోకి జరిగింది. నేల మారితే బండి నిర్మాణమే తిరగబడిందన్నమాట. నాది పాత పద్ధతిది, మోటారు వెనకే. మన నేలలకు అదే నయం.

బండితో వచ్చిన పుస్తకంలో స్ప్రింగ్ ఎంత, నూనె ఎంత చిక్కన అన్న పట్టికలున్నాయి. అవన్నీ కొలతలు తెలిసిన ట్రాకులకు రాసినవి. అభన్‌పూర్ సంగతి వాటికి తెలియదు. తెలిసినవాడు నాకు దొరికాడు. పరిహారం గురించి అడగడానికి కలిసిన రైతు. అరవై దాటిన మనిషి, ఊళ్లో చాలామందిలా నేనూ కాకా అనే పిలిచాను. ఆయన పొలంలో ఒక భాగం రహదారికి పోయింది. చూపించిన కాగితంలో ఖస్రా నంబరు, విస్తీర్ణం, వచ్చిన మొత్తం ఉన్నాయి. ‘‘మట్టి పేరేదీ?’’ అన్నాడు నవ్వుతూ, నేనే దాన్ని రాసినట్టు.

ఛత్తీస్‌గఢ్ రైతుకు నేల నాలుగు రకాలు. కన్హార్ అంటే నల్ల బంకమట్టి, మన నల్లరేగడికి చుట్టం. మటాసి పసుపు రంగు ఇసుక కలిసిన మట్టి. ఆ రెండింటి మధ్య రకం డోర్సా. నాలుగోది భాటా, ఎర్రటి గరప నేల. మా వరంగల్ వైపు రేగడి, చల్క, దుబ్బ అన్నట్టే. కాకా పొలాల్లోనూ, చుట్టుపక్కల బాటల్లోనూ ఒక్క కిలోమీటరులో ఈ నాలుగూ తగులుతాయి. ఏ విదేశీ ట్రాకులోనూ ఈ సదుపాయం లేదు.

మొదట ఆయన బ్యారాలోనే నడిపాను. బ్యారా అంటే కళ్లం. పేడతో అలికి, నూర్పిళ్లకు తొక్కి తొక్కి గట్టిపడిన నేల. ఉదయం కోడలు ఊడ్చి, నీళ్లు చల్లిన వెంటనే దాని మీద పట్టు అద్భుతం. అమెరికాలో బంకమట్టి ట్రాకులకూ పందేనికి ముందు నీళ్లు కొడతారు, కారణం అదే. అయితే పట్టు ఎక్కువైతే వేరే తంటా. మలుపులో టైరు జారదు కాబట్టి బండే పల్టీ కొడుతుంది. చాసిస్ అడుగుకూ నేలకూ మధ్య ఎత్తు 18 మిల్లీమీటర్లకు దించాను. పొట్టి, ఒత్తు ముళ్లున్న టైర్లు వేశాను. ముందు స్ప్రింగులు కాస్త గట్టివి పెట్టాను. బ్యాటరీని ముందుకు జరిపాను. పల్టీలు ఆగాయి. పది గంటలకు ఎండ ఎక్కి తడి ఆరగానే అదే నేల మీద సన్నటి దుమ్ము లేచింది. పొద్దున్న పల్టీ కొట్టిన బండి ఇప్పుడు మంచు మీద నడిచినట్టు జారింది. నేల అదే, గంట మారింది. బ్యాటరీ మళ్లీ వెనక్కి.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నూనె, స్ప్రింగు, టైరు మూడూ ఒకేసారి మార్చి బండి బాగా నడిస్తే, దేని వల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. ప్రభుత్వ పథకాల ఫలితాల మీద నివేదికలు రాసేవాళ్లకు ఈ నియమం తెలిస్తే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. కాకాకు మాత్రం చెప్పనక్కర్లేకపోయింది. కొత్త విత్తనం వేసిన ఏడాది ఎరువు మార్చడట.

కన్హార్ పొలంలోకి బండి దించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ‘‘ఆగు బేటా, అందులో తివ్రా మొలిచింది.’’ వరి కోతకు ముందే తడి నేలలో తివ్రా గింజలు చల్లేస్తారు. నల్లమట్టి పట్టి ఉంచిన తేమతోనే ఆ పప్పు పంట పండుతుంది. నాకు గడ్డిలా కనిపించింది ఆయనకు పంట. దాంతో గట్టు పక్క బీడు ముక్కతో సరిపెట్టుకున్నాను. ఎండిన నల్లమట్టి నెర్రెలు విచ్చుతుంది. సన్నటి ముందు చక్రం అందులో దిగితే అంతే. దానికి ట్యూనింగ్ లేదు. ఎత్తు పెంచడం, నెర్రెకు అడ్డంగా నడపడం, దండం పెట్టడం.

మటాసి బండ్లబాట మీద నడక హాయి. పొద్దున మంచుకు తడిసి పైపొర కాస్త గట్టిపడి ఉంటుంది. పది రౌండ్లకు ఆ పొర చిట్లి కింద పొడి తేలుతుంది. అక్కడ నూనె పని పట్టింది. పల్చటి నూనె పోస్తే చక్రం గతుకు వెంటే లేచి దిగుతుంది, నేలను వదలదు. చిక్కటి నూనె పోస్తే గెంతులు వేసి దిగినప్పుడు బండి నిలకడగా ఉంటుంది కానీ చిన్న గతుకుల మీద చక్రం తేలిపోతుంది. పైగా ఎండకు నూనె పల్చబడుతుంది, ఉదయం లెక్క మధ్యాహ్నానికి చెల్లదు. వాచీ చూసుకుని నూనె మార్చే ఆట ఇంకోటి ఉందా?

భాటాది వేరే మొండితనం. గట్టి నేల మీద ఎర్రటి గులకలు గోళీల్లా దొర్లుతుంటాయి. చక్రం నేలను కాక గులకను పట్టుకుంటుంది, గులక తిరుగుతుంది, బండి కదలదు. ఎత్తు 25 మిల్లీమీటర్లు చేశాను. ఎడం ఎడంగా పొడుగు ముళ్లున్న మెత్తటి టైర్లు వేశాను. స్లిప్పర్ క్లచ్ కాస్త వదులు చేశాను. మోటారు బలం ఒక్క దెబ్బన చక్రాల మీద పడకుండా ఆపేది అదే. అన్నిటికన్నా ముఖ్యం వేలు నెమ్మదించడం. అయినా వెనక చక్రాలు ఎర్రటి రవ్వలు ఎగజిమ్ముతూనే ఉన్నాయి.

ఆ రవ్వల్ని కాకా గుర్తుపెట్టుకున్నాడని రెండు రోజుల తర్వాత తెలిసింది. పరిహారం డబ్బుతో ఇంకో ఊళ్లో రెండెకరాలు కొనే బేరంలో ఉన్నాడాయన. ‘‘డోర్సా నేల, వరి బంగారంలా పండుతుంది’’ అని దళారీ మాట. చూడటానికి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. పైకి నేల గోధుమ రంగులో చక్కగా దున్ని ఉంది. వాళ్లు ధర మాట్లాడుకుంటుంటే నేను పొలం మూల బగ్గీ తిప్పాను. డోర్సా అన్నారు కదా అని టైర్లు మార్చలేదు, మటాసికి పెట్టినవే. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కిన చోట చక్రాలు కాడి కింద చాలులా గుంత తవ్వాయి. వెనక లేచిన మట్టిలో ఎర్రటి రవ్వలు.

కాకా మాట ఆపి అటు నడిచాడు. చెప్పు విడిచి మడమతో గీశాడు. కొడుకును గునపం తెమ్మన్నాడు. జానెడు లోతున టంగుమంది. భాటా. పైన పరిచింది ఎక్కడి మట్టో. భాటాలో నీరు నిలవదు, వరి నిలవదు. పొలం పోగొట్టుకుని తెచ్చుకున్న డబ్బు ఆ గులకల్లో ఇంకిపోయేది. బగ్గీ లేకపోయినా ఆయన గునపం వేసేవాడే, అనుమానం లేదు. కాస్త ముందుగా వేయించిందంతే. దళారీ మొహం మాత్రం నా బండి వైపు అదోలా తిరిగింది.

‘‘భాటా ధరకైతే మాట్లాడదాం’’ అన్నాడు కాకా. దళారీ ఆలోచించి చెబుతానని మోటార్‌సైకిలెక్కాడు.

తిరుగుదారిలో కొత్త రహదారి మట్టికట్ట పక్క నుంచి వచ్చాం. కాకా దాని వైపు చూసి, తారు రోడ్డు మీద నీ బండి ఎలా పోతుంది అని అడిగాడు. ఈ టైర్ల ముళ్లు అరగంటలో అరిగిపోతాయని, నున్నటి టైర్లు వేయాలని, స్ప్రింగులు బిగుతుగా ఉండాలని, పొట్ట నేలను తాకేంత కిందికి దించాలని చెప్పాను.

‘‘అంటే వేరే బండి కొనాలన్నమాట’’ అన్నాడు.

చాలామంది అదే చేస్తారని చెప్పాను.