చుట్టుకొలత తాడు



క్రిస్మస్ ప్రేమ విందుకు కట్టెల లెక్క మా సంఘంలో వేసవిలోనే మొదలవుతుంది. ఇళ్లలోకి గ్యాసు వచ్చి చాలా కాలమైంది గాని, నాలుగు వందల మందికి అన్నం వండాలంటే ఇప్పటికీ గాడిపొయ్యి తవ్వాల్సిందే. వంట మేస్త్రి బియ్యం కంటే ముందు అడిగేది, "కట్టె ఎండిందా అయ్యగారూ?" అని. పచ్చి మొద్దు కొని, చీల్చి, పేర్చి ఎండబెట్టడానికి నెలలు పడుతుంది. అందుకే మే నెల గాలివానకు ఎక్కడ చెట్టు పడినా మా సంఘ పెద్దల చెవిన పడుతుంది.

ధ్యానం రాసేచోట కట్టెల గొడవేమిటని అనుకోకండి. నెహెమ్యా గ్రంథం 10వ అధ్యాయం తీసి చూడండి. చెరనుండి తిరిగి వచ్చినవారు బలిపీఠానికి కట్టెలు ఏ వంశం ఎప్పుడు తేవాలో చీట్లు వేసుకుని నిర్ణయించుకున్నారు. ఆ గ్రంథం ఆఖరి వచనంలో కూడా ఆ కట్టెల ఏర్పాటు ప్రస్తావన ఉంది. దేవుని మందిరంలో కట్టెలు కూడా ఒక లెక్కే.

మా దివిసీమ వరి నేల. కట్టెకు కరువే. కోడూరు, నాగాయలంక వైపు ఇసుక నేలల్లో సరుగుడు తోటలున్నాయి. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత గాలికి అడ్డుగా తీరం వెంట కూడా సరుగుడు పెంచారు. తోట సరుగుడు టన్నుల మీద అమ్ముడవుతుంది. లారీని కాటా ఎక్కిస్తారు, ఖాళీ బండి బరువు తీసేస్తారు, చీటీ చేతిలో పెడతారు. అక్కడ ఒకరినొకరు అనుమానించే పని లేదు. చిక్కల్లా పెరట్లో పడిన ఒంటి చెట్టుతోనే. ఒక్క చెట్టు కోసం ట్రాక్టరు మాట్లాడి కాటాకు తోలితే వచ్చేది తోలుడు ఖర్చుకే సరిపోతుంది. కనుక పడినచోటే చూసి గుత్తగా బేరం చేస్తారు. అక్కడ కొనేవాడి కన్నే కాటా. పైగా పడిన చెట్టు ఎదురుచూడలేదు. దారికి అడ్డం, పురుగు పడుతుందన్న భయం. అమ్మేవాళ్లకు తొందర, కొనేవాళ్లకు తీరిక.

లేవీయకాండము 19, ద్వితీయోపదేశకాండము 25, సామెతలు 11 అధ్యాయాల్లో దొంగ త్రాసును గూర్చిన మాటలు మనం ఎక్కువగా కొట్టు నడిపేవాళ్ల మీద ప్రసంగిస్తాం. సామెతలు 20:14 మాత్రం కొనేవాడి వైపు తిరుగుతుంది. సరుకు బాగాలేదని పెదవి విరిచి కొని, వీధి మలుపు తిరిగాక మంచి బేరం తగిలిందని చెప్పుకునే మనిషి అక్కడ ఉన్నాడు. హెబ్రీలో చెడ్డది అనడానికి "రా" అంటారు. ఆ వచనంలో ఆ మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. సెమినరీలో ఇది చదివిన రోజు తెలుగు విద్యార్థులమంతా నవ్వాం. పైకి చెడ్డది, చెడ్డది అంటున్నాడు గాని మన భాషలో వింటే రా, రా అని దాన్ని పిలుస్తున్నట్టే ఉంది! ఇప్పటికీ ఎక్కడైనా బేరం వింటుంటే మాకు అదే వినిపిస్తుంది.

ఇక కొలత. అడితీల్లో, కోత మిల్లుల్లో మన పెద్దలు నేర్చుకున్న పద్ధతి ఇది. దుంగ నడుమ తాడు చుట్టి, ఆ తాడును నాలుగు మడతలు వేస్తారు. ఆ మడత పొడవును దానితోనే గుణించి, మళ్ళీ దుంగ పొడవుతో గుణిస్తారు. చుట్టు 4 అడుగులు, పొడవు 10 అడుగులు అనుకోండి. మడత 1 అడుగు. ఒకటి, ఒకటి, పది. మొత్తం 10 ఘనపుటడుగులు. అక్షరం రానివాళ్లు కూడా నోటితో చెప్పగల లెక్క. ఇంగ్లాండులో ఎడ్వర్డ్ హోప్పస్ అనే సర్వేయరు 1736లో ఇలాంటి లెక్కల పట్టికలు అచ్చు వేశాడు. ఇంగ్లీషువాళ్లు పాలించిన చాలా దేశాలకు ఆ పద్ధతి పాకింది.

అయితే గుండ్రని దుంగలో నిజంగా ఉన్న కట్టె అంతకంటే ఎక్కువ. పైన చెప్పిన దుంగలో 10 కాదు, 12 ముప్పావు దాకా ఉంటుంది. నాలుగు మడతల లెక్క అయిదో వంతుకు పైగా వదిలేస్తుంది. మిల్లులో అది అన్యాయం కాదు. గుండ్రని దుంగను పలకలుగా కోస్తే చెక్కుపేళ్లు పోతాయి, బెరడు పోతుంది, రంపపు పొట్టు పోతుంది. ఆ నష్టాన్ని ముందే లెక్కలో పెట్టుకున్నారు. కానీ వంటచెరకులో ఏం పోతుంది? బెరడూ మండుతుంది, చెక్కుపేడూ మండుతుంది. తలుపు చెక్క కోసం పుట్టిన తాడును పొయ్యి కట్టెకు చుట్టినప్పుడు ఆ అయిదో వంతు అమ్మినవాళ్ల చేతిలోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. ఎవరూ అబద్ధమాడలేదు, తాడు పొట్టిది కాదు, అయినా.

కట్టెకు సరైన లెక్క కూడా తేలికే. చుట్టును చుట్టుతో గుణించండి, పొడవుతో గుణించండి, వచ్చినదాన్ని 8తో గుణించి 100తో భాగించండి. మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది గనుక మానును మూడు నాలుగు ముక్కలుగా అనుకుని ఒక్కోదాని నడుమ చుట్టు తీసుకోండి. మొదట్లో చుడితే కొనేవాడికి నష్టం, కొసన చుడితే అమ్మేవాడికి. కొమ్మలను ఇలా కొలవలేం. వాటిని నరికి పేర్చి, కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు చూడాలి. చీల్చిన తిన్నని కట్టె పేర్చినా కుప్పలో మూడో వంతు గాలే. వంకర కొమ్మలైతే సగం, ఒక్కోసారి సగానికి పైగా. అమెరికాలో 128 ఘనపుటడుగుల కుప్పను కార్డు అని అమ్ముతారు. అందులో కూడా నిక్కమైన కట్టె 85 ప్రాంతమే ఉంటుంది.

కాటా ఉంటే ఈ తంటా ఎందుకని అడిగారొకరు. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండవచ్చు. ఈరోజు తూచినదానికీ రెండు నెలల తరువాత తూచినదానికీ పొంతన ఉండదు. ఎండితే బరువు బాగా తగ్గుతుంది గాని, కట్టె ఆకారం కాస్తే కుంచించుకుంటుంది. పచ్చి మొద్దు విషయంలో ఇద్దరికీ న్యాయం చేసేది తాడే, సరైన లెక్కతో వాడితే.

రెండేళ్ల క్రితం మా సంఘంలో విధవరాలైన ఒక సహోదరి ఇంటి వెనక నిద్రగన్నేరు పడింది. నాట్లకు, కలుపుకు కూలికి వెళ్లే మనిషి. ఒక వ్యాపారి అప్పటికే వచ్చి, కట్టె మెత్తన, నిప్పు నిలవదు అని ఏదో ధర చెప్పి పోయాడు. మేమూ, ఒక సంఘ పెద్దా వెళ్లాం. మాను 12 అడుగులు, నడుమ చుట్టు 6 అడుగులు. పెద్దాయన తాడు మడతపెట్టి, "27 అడుగులు" అన్నారు. మా లెక్కకు 34న్నర వచ్చింది. తేడా ఏడున్నర అడుగులు. నిద్రగన్నేరు తేలిక కట్టె. ఎండాక అడుగుకు 15 కిలోలే అనుకున్నా నూరు కిలోలు దాటింది.

పెద్దాయన చెడ్డవారు కాదు. "అయ్యగారూ, అందరూ ఇట్టాగే కొంటారు. మన చేతిలో ఉన్నది కానుక డబ్బు. అందులో ఇలాంటి అమ్మల రూపాయలే ఉన్నాయి. ఎక్కువ పెట్టడానికి మనకేం హక్కుంది?" అన్నారు. ఆ మాటలో బరువుంది. మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఈలోగా ఆ సహోదరే, "మందిరానికే కదండీ అయ్యగారూ, మీకు తోచింది ఇవ్వండి" అంది.

మమ్మల్ని నిలబెట్టింది ఆ మాట. వ్యాపారితోనైతే ఆమె గట్టిగా బేరమాడుతుంది, మేము విన్నాం. మందిరంతో బేరమాడలేదు. 2 సమూయేలు 24లో అరౌనా కూడా దావీదుతో కళ్లమూ, ఎద్దులూ, కట్టెలకు నూర్చే సామానూ ఊరికే తీసుకొమ్మన్నాడు. రాజు ఒప్పుకోలేదు, వెల ఇచ్చే కొన్నాడు. ఎదుటివాడు కాదనలేని స్థితిలో ఇచ్చినదాన్ని తన అర్పణగా పెట్టడానికి దావీదుకు మనసు రాలేదని మేము అనుకుంటాం. పెద్దాయనతో అదే చెప్పాం: అమ్మకం అమ్మకంగా ఉండనివ్వండి, కానుక ఇవ్వాలనుకుంటే ఆ డబ్బు ఆమె చేతికి వచ్చాక ఆమె ఇష్టం.

34న్నరకే లెక్క కట్టాం. కొమ్మల కుప్ప 8 అడుగుల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు. 96 అడుగుల్లో సగం గాలి తీసేయాలని పెద్దాయన అన్నారు. అన్నీ వంకర కొమ్మలే గనుక ఆయన మాటే నిజం, 48కే ఇచ్చాం. మోటారు రంపం కూలి, చీల్చే కూలి, తోలుడు ఎంతవుతుందో ఆమె ముందే చెప్పి ధరలో తగ్గించాం. తగ్గించేది ధరలో తగ్గించాలి, అమ్మేవాళ్లకు వినబడేలా. ఆ క్రిస్మస్‌కు ఆమె కానుక కవరు కూడా వేసింది. ఎంతో మేము చూడలేదు.

ఈ ఏడు ఒక రైతు సోదరుని గట్టు మీది నల్లతుమ్మ వాలింది. గట్టి కట్టె, ఎండినా అడుగుకు 20 కిలోలకు పైనే తూగుతుంది. మొదట్లో తొర్ర ఉంది. దానికెంత తగ్గించాలని పెద్దాయనే ఫోను చేశారు. సన్నని కర్ర లోపలికి దింపి చూడమన్నాం. మూడడుగులు దిగిందట, రైతు పక్కనే ఉండి చూశాడట. అంతవరకూ బోలు ఎంత వెడల్పుందో మొద్దు కోశాక గాని తెలియదు. రేపు సాయంత్రం రంపం మనిషిని తీసుకుని ముగ్గురం వెళ్తున్నాం.