చలికాలం, సైకిలు, ఒక పాలక్యాను

సీజన్ అన్నానని ఏదో ఒలింపిక్స్‌కి వెళ్ళొచ్చిన బిల్డప్పు ఇస్తున్నాననుకోకండి :) 2024 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా శని, ఆదివారాలు మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల మీద సైకిలు తొక్కడం, మధ్యలో మూడు బ్రెవేలు. నా సీజనంతా ఇంతే.

బ్రెవే అంటే తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది ఫ్రెంచి వాళ్ళు మొదలుపెట్టిన వ్యవహారం. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవై ఏడు గంటల్లో, 600 నలభై గంటల్లో తొక్కాలి. వీటన్నిటికీ తాతలాంటిది పారిస్-బ్రెస్ట్-పారిస్. 1891లో అసలు సిసలు పందెంగానే మొదలైంది, ఇప్పుడు మాలాంటి ఔత్సాహికుల చేతికొచ్చింది. 1200 కిలోమీటర్లు, 90 గంటలు, నాలుగేళ్ళకోసారి. 2023లో జరిగింది, మళ్ళీ 2027లోనే.

ఇందులో నాకు మొదట్లో మింగుడుపడని విషయం ఏంటంటే, రాంకు లేదు. చేతికి ఒక కార్డు ఇస్తారు. దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర దాని మీద టైము వేసి ముద్ర కొడతారు. టైములోపల వచ్చావా, వచ్చావు. ముందొచ్చినవాడికీ ఆఖరున వచ్చినవాడికీ ఒకటే లెక్క. ఇంకా విచిత్రం, ప్రతి కంట్రోలుకీ మూసే టైముతో పాటు తెరిచే టైము కూడా ఉంటుంది. మరీ ముందే ఊడిపడితే తెరిచేదాకా కూర్చోవాల్సిందే.

మనకి ఇదెలా ఎక్కుతుంది చెప్పండి? ఎంసెట్ రాంకు (మేం రాసినప్పుడు అది ఇంకా ఎంసెట్టే), కాలేజీలో పర్సెంటేజీ, ఆఫీసులో రేటింగు. చిన్నప్పట్నుంచీ పక్కవాడి పేపర్లోకి తొంగిచూడ్డమే పని. నవంబరులో 200 పది గంటల నలభై నిమిషాల్లో పూర్తి చేశాను. ఇంటికొచ్చి స్నానం కూడా చెయ్యకుండా చేసిన మొదటి పని, మా టీములో ఇంకొకడు ఎంతలో చేశాడో చూడ్డం. తొమ్మిదిన్నర. ఆ రాత్రి ఒళ్ళునొప్పులకంటే అదే ఎక్కువ సలిపింది.

డిసెంబరులో 300. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దాకా వెళ్ళి రావాలి. మొదటి వంద కిలోమీటర్లూ నా శక్తికి మించిన గుంపు వెనకాల పడి తొక్కాను. తిరుగు దారిలో సిద్దిపేట దాటాక వాంతులు. ప్రజ్ఞాపూర్ దగ్గర ఒక డీసీఎం ఆపి, ఉల్లిపాయ బస్తాల మధ్య సైకిలు ఇరికించి, నేనూ ఇరుక్కుని ఇంటికి చేరాను. ఇంకో అయిదు గంటల టైముంది. మెల్లగా తొక్కినా అయిపోయేది.

సరే, బుద్ధి రావాలి కదా. రాలేదు. బ్రెవేలో దొరకని రాంకు స్ట్రావాలో దొరికింది. తెలియనివాళ్ళకి: ఏదో ఒక రోడ్డు ముక్కని ‘సెగ్మెంట్’ అంటారు, అక్కడ ఎవడు ఎంత వేగంగా తొక్కాడో జాబితా ఉంటుంది. మాది కొంపల్లి. అక్కణ్ణుంచి హైవే మీద మేడ్చల్, కుడికి తిరిగి శామీర్‌పేట, తూంకుంట, హకీంపేట మీదుగా ఇల్లు. ఈ చుట్టులో మేడ్చల్ నుంచి శామీర్‌పేటకి పోయే రోడ్డు మీద ఒక ముక్క ఉంది. డిసెంబరు ఆఖరుకి నేను అందులో ఎనిమిదో స్థానం. తప్పు స్ట్రావాది కాదు లెండి, అది అద్దం చూపించిందంతే.

జనవరిలో ఒక ఆదివారం. మంచు బాగా పట్టింది. చెరువు వైపు నుంచి వచ్చే చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తల కిందకి వంచి తొక్కుతున్నాను. పక్కనున్న మట్టిదారిలోంచి టీవీఎస్ ఎక్సెల్ మీద పాలాయన రోడ్డెక్కాడు. బ్రేకు వేశాను కానీ హ్యాండిల్ తగిలింది. ఇద్దరం పడ్డాం. ఒక క్యాను మూత ఊడి పాలన్నీ తారురోడ్డు మీద పారుతున్నాయి.

ఇప్పుడు చెప్పబోయేది ఇంట్లో కూడా చెప్పలేదు. పడీ పడగానే నా కుడిచెయ్యి ఎడమచేతి వాచీ మీదకి పోయింది. పాజ్ నొక్కింది. ఆ తరవాతే ఆయనకి దెబ్బ తగిలిందా అని చూశాను. ఇందులో ఇంకో దరిద్రం ఏంటంటే, సెగ్మెంటులో పాజ్ లెక్కలోకే రాదు, మొదలుకీ చివరకీ మధ్య గడిచిన మొత్తం టైమే చూస్తారు. ఆ సంగతి నాకు అంతకుముందే తెలుసు.

ఆయనకి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అదృష్టం. జేబులోంచి డబ్బులు తీశాను.

"పైసలు గాదు సారూ, ఏడు గొడితే సెంటర్ బంద్ జేస్తరు. ఉన్న క్యానన్న వొయ్యాలె."

టైము ఆరూ నలభై రెండు. టీవీఎస్ హ్యాండిల్ వంకరపోయింది. నేను సాడిల్ బ్యాగులోంచి నా అల్లెన్ కీలూ అవీ తీస్తుంటే, ఆయన ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి ఒక్క గుంజు గుంజి సరిచేసుకున్నాడు. మిగిలిన క్యాను ఎత్తడానికి మాత్రం నేను పనికొచ్చాను. వెళ్ళేముందు డబ్బులు తీసుకున్నాడు. పోయిన పాలకి ఎంతవుతుందో లెక్కగట్టి, మిగిలింది తిరిగిచ్చేశాడు.

ఆ రోజు రైడు డిలీట్ చేశాను. మళ్ళీ రెండు వారాలు సైకిలు జోలికే పోలేదు.

ఫిబ్రవరిలో ఇంకో 300 కట్టాను. ఈసారి బయల్దేరిన పది నిమిషాలకే అందరూ వెళ్ళిపోయారు. రెండు చోట్ల టిఫిను, మూడు చోట్ల టీ, ఒక చోట బస్టాపు అరుగు మీద ఇరవై నిమిషాల కునుకు. పంతొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు. మావాడి టైము చూడలేదని చెప్పను, చూశాను. మర్నాడు సాయంత్రం దాకా ఆగాను, అదొక్కటే తేడా.

పాలాయన ఆ రోడ్డు మీద అప్పుడప్పుడూ ఎదురవుతుంటాడు. సీజన్ ఆఖర్లో ఒకసారి వెనకనుంచి వచ్చి నన్ను దాటేస్తూ అడిగాడు.

"ఇయ్యాల పందెం లేదా సారూ?"

లేదన్నాను.

"గట్లయితే మెల్లగ రా," అని క్యాన్లు గలగలమనిపించుకుంటూ వెళ్ళిపోయాడు.