ఎడమచేతి వాటం

పిల్లవాడు ఎడమచేత్తో ముద్ద ఎత్తాడంటే చాలు, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ప్రాణం ఉసూరుమంటుంది. "కుడిచెయ్యి ఏమైందిరా?" అని ఓ మొట్టికాయ! ఎడమచేత్తో ఇస్తే తప్పు, పుచ్చుకుంటే అంతకన్నా తప్పు. అలాంటి ఎడమచెయ్యి ఒక దేశానికే పేరు తెచ్చిందంటే నమ్ముతారా?

ఆ దేశం థాయ్‌లాండ్. ఆ చెయ్యి బాక్సర్ ఖావోసాయ్ గెలాక్సీది. గెలాక్సీ అన్నది ఇంటిపేరు కాదండోయ్, బరిలో పెట్టుకున్న పేరు. 1959లో ఫెట్చబూన్ ప్రాంతంలో కవలపిల్లల్లో ఒకడుగా పుట్టాడు. మొదట్లో వాళ్ళ సంప్రదాయ క్రీడ ముయే థాయ్‌లో దిగాడు. అందులో కాళ్ళు, మోకాళ్ళు, మోచేతులు అన్నీ ఆడాలి. ఇతని బలమంతా పిడికిట్లోనే ఉండె. అందుకని 1980లో బాక్సింగ్‌కి మారాడు. మరుసటేడే ఒక పోటీలో ఓడిపోయాడు. బాక్సింగ్‌లో అతనికి అదే మొదటి ఓటమి, అదే ఆఖరిదీను!

1984 నవంబరులో బ్యాంకాక్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఎంత భారీ మనిషో అనుకునేరు! అతను పోటీ చేసిన తరగతిలో బరువు 52 కిలోలు దాటితే ఒప్పుకోరు. మనం తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు, అంతే. కానీ ఆ ఎడమచెయ్యి డొక్కలో పడిందా, ఎదుటివాడు లేవడం కష్టమే. ఏడేళ్ళలో 19 సార్లు బిరుదు నిలబెట్టుకున్నాడు. అందులో 16 సార్లు నాకౌట్లే.

ఇక రెండో కవల ఖావోకోర్. అతనూ 1988 మేలో ఇంకో తరగతిలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కవలలిద్దరూ ప్రపంచ బిరుదులు గెలవడం బాక్సింగ్‌లో అదే మొదలు. లోకమంతా చప్పట్లు కొట్టింది సరే, కన్నతల్లి సంగతేమిటి? ఇద్దరు కొడుకులూ దెబ్బలాటకి వెళ్ళిన ఇంట్లో అన్నం ఎలా సహిస్తుంది చెప్పండి!

ఖావోకోర్ మూడు నెలలకే బిరుదు పోగొట్టుకున్నాడు. 1989లో తిరిగి గెలిచి, అదే ఏడాది అక్టోబరులో మొదటి రౌండులోనే ఓడిపోయాడు.

ఖావోసాయ్ మాత్రం 1991 డిసెంబరులో ఒక పోటీ నెగ్గి, నడుముకి బెల్టు ఉండగానే ఇక చాలన్నాడు. అప్పటికి 32 ఏళ్ళు. ఆడినవి 48, గెలిచినవి 47. తరవాత సినిమాల్లో, టీవీలో కనిపించాడు. 1999లో అమెరికాలోని అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు.

నాకైతే ఆ 47 గెలుపులకన్నా ఆ 'ఇక చాలు' అన్న మాటే పెద్దదిగా తోస్తుంది. ఇంకాస్త ఆకలి ఉండగానే విస్తరి ముందునుంచి లేవమన్నారు పెద్దలు. ఆ లేవడమే కష్టం! ఇంటి తాళాలగుత్తి కోడలికి అప్పగించడానికే మనకి చేతులు రావు. ప్రపంచాన్ని గెలిచిన బెల్టు తనంతట తాను విప్పి పెట్టడానికి ఆ మనిషికి చేతులెలా వచ్చాయో!