ఏడాది చివరి ఉత్తరం

ఉత్తరాలు రాసేవాళ్ళే కరువైపోయిన ఈ రోజుల్లో కూడా ఏడాదికి ఒక్క ఉత్తరమైనా రాసితీరే మనిషిని నేను. పల్నాడులో ఒక మండలానికి విద్యాశాఖాధికారిని. ఏప్రిల్ చివర బళ్ళు మూసేటప్పుడు, పిల్లల మార్కుల కార్డులతోపాటు తలిదండ్రులకు నా సంతకంతో ఒక కాగితం పంపడం అలవాటు చేసుకున్నాను. ఈ ఏడు బళ్ళలో ఏం జరిగింది, జూన్ 12న మళ్ళీ పిల్లల్ని పంపండి - ఇదీ అందులోని సంగతి.

నిజం చెప్పాలంటే ఆ ఉత్తరం రాసేది మా గుమాస్తా. అతని చెయ్యి మంచిది. "దినదినాభివృద్ధి", "తలిదండ్రుల సంపూర్ణ సహకారం" వంటి మాటలు అతని కలంలో ఎప్పుడూ సిద్ధంగా వుంటాయి. నేను కళ్ళజోడు సర్దుకుని, తప్పులు దిద్ది, సంతకం గిలికేవాణ్ణి. దాన్ని చదివేవాళ్ళు కూడా వుంటారని నేనెన్నడూ అనుకోలేదు.

2023 ఏప్రిల్‌లో మాత్రం అందులో ఒక వాక్యం నేనే స్వయంగా చేర్చాను. అంతకుముందు ఏడు, అంటే 2022లో, చాలా ఊళ్ళలో చిన్నబళ్ళలోని మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరలో వున్న హైస్కూళ్ళలో కలిపారు. దగ్గరంటే ఒక కిలోమీటరు లోపు. హైస్కూలులో సబ్జెక్టుకొక మేష్టారు వుంటారు గనుక పిల్లలకు మంచి చదువు వస్తుందని ఉద్దేశం. ఆ ఉద్దేశంలో తప్పేమీ నాకు కనిపించలేదు. కనుకనే, "ఈ మార్పువల్ల మన మండలంలో ఏ ఒక్క విద్యార్థికీ ఇబ్బంది కలగలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను" అని రాశాను. ఫిర్యాదు ఒక్కటీ రాలేదు మరి!

మే నెల, రోళ్ళు పగిలే ఎండ. మిట్టమధ్యాహ్నం ఒక అవ్వ ఆఫీసుకు వచ్చింది. చెంగున ముడివేసిన కాగితం విప్పి నా బల్లమీద పెట్టింది.

"ఇది రాసింది నువ్వేనా నాయనా?"

"నేనే అవ్వా."

"అయితే కాస్త చదివిపెట్టు. నాకు అక్షరమ్ముక్క రాదు."

చదివాను. నా వాక్యం దగ్గర గొంతు కొంచెం పెంచే చదివాను. అవ్వ చెయ్యి చెవికి ఆనించి శ్రద్ధగా విన్నది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"మరి ఇందులో మా పిల్ల ఎక్కడుంది?"

మనవరాలి సంగతి అప్పుడు బయటపడింది. మూడో తరగతి. హైస్కూలుకూ వాళ్ళ పల్లెకూ నడుమ పెద్దరోడ్డు. పొద్దున్నే తల్లీ తండ్రీ మిరపకోతకు పోతారు. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు రోడ్డు దాటుతుండగా లారీ పక్కనుంచి దూసుకుపోయిందట. పిల్ల ఆ రోజు వెనక్కి వచ్చేసింది. సంక్రాంతి తరువాత తల్లివెంట మిరపచేలకు పోతూ వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం అవ్వా?" అన్నాను, తప్పు ఆవిడమీదికి నెట్టగలనేమోనన్న ఆశతో.

"మా ఊరి పంతులమ్మకు చెబితే, పిల్ల పేరు ఇక్కడ లేదంది. అక్కడి పంతులుకు చెబుదామంటే, ఆ రోడ్డు దాటాలిగా నాయనా!"

నా దగ్గర జవాబు లేదు. పట్టీ తెప్పించి చూశాను. పిల్ల పేరు శుభ్రంగా వుంది. నేను లెక్క కట్టింది పేర్లను. అవి ఒక పట్టీనుంచి మరో పట్టీకి ఏ ఇబ్బందీ లేకుండానే మారాయి. మరునాడు పొద్దున్న ఆ పల్లెనుంచి హైస్కూలుదాకా నడిచాను. కిలోమీటరుకు తక్కువే. కాని రోడ్డు దాటడానికి, యాభై ఏళ్ళు దాటిన నేనే లారీల మధ్య సందు దొరికేదాకా చాలాసేపు నిలబడ్డాను.

జూన్‌లో బళ్ళు తెరిచేముందు ఆ పల్లె తల్లుల్ని పిలిచి మాట్లాడాను. పొద్దున వాళ్ళు వంతులవారీగా పిల్లల్ని దాటించేటట్టూ, సాయంత్రం ఒక మేష్టారు రోడ్డుదాకా వచ్చేటట్టూ ఏర్పాటయింది. ఇంత చిన్న పనికి ఏడాది పట్టింది. పిల్ల మళ్ళీ బడికి వచ్చింది. అయితే మన చట్టం ప్రకారం ఆ వయసు పిల్లల్ని అదే తరగతిలో ఆపరు. మూడులో సగం చదవకుండానే నాలుగులో కూర్చుంది. భాగహారాలు దానికి ఎంతకీ కొరుకుడుపడలేదని మేష్టారు చెప్పేవారు.

2025లో ఆ ఉత్తర్వు రద్దయి, ఆ పల్లె తరగతులు తిరిగి పల్లెకే వచ్చాయి. కాని అప్పటికి మా పిల్ల ఆరోతరగతికి వచ్చింది. ఎలాగూ హైస్కూలుకే పోవాలి. చిత్రమేమంటే, దిద్దిన తప్పు ఎవరికోసం దిద్దారో వాళ్ళకు అందేసరికి వాళ్ళు పెద్దవాళ్ళయిపోతారు.

ఇప్పుడు ఏడాది చివరి ఉత్తరం నేనే రాస్తున్నాను. మొదటి పేరాలో మంచి కబుర్లు వుండవు. ఈ ఏడు బడి మానినవాళ్ళు ఎంతమందో, మాకు తెలిసినంతవరకు ఎందుకు మానారో, పిల్లల పేర్లు లేకుండా రాస్తాను. ఇబ్బంది వుంటే ఎవరికి చెప్పాలో, ఏ రోడ్డూ దాటకుండా ఎలా చెప్పాలో కూడా రాస్తాను. మా గుమాస్తాకు ఇది బొత్తిగా నచ్చదు. "మనమీద మనమే రాసుకోవడమేమిటండీ?" అంటాడు. అభివృద్ధి సంగతులు రెండో పేరాలో అతనికే వదిలేశాను.

ఆమధ్య ఆ పిల్ల హైస్కూలు వరండాలో నాకు ఎదురుపడింది. ఉత్తరాన్ని తానే అవ్వకు చదివి వినిపించిందట, కూడబలుక్కునైనా సరే, మొత్తం.

"అవ్వ ఏమంది?" అని అడిగాను.

"మానేసినవాళ్ళలో ఎంతమంది మళ్ళీ వచ్చారో సారుని అడిగి రమ్మంది."

జవాబు వచ్చే ఏటి ఉత్తరంలో రాస్తానని చెప్పి పంపాను. ఆ లెక్క మాత్రం ఈసారి పట్టీ చూసి వేయను.